ఏ గ్రూపూ అడగని గది

మా డీన్ జయప్రకాశ్ సార్ మంచోడే. ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత ఆయనను నోటికొచ్చినట్టు తిడ్త.

కొత్తగూడెం దాటినంక అడవి మొదలయ్యే కాడ ఉంటది మా పీజీ సెంటర్. ఇరవై ఆరేండ్లు బోటనీ డిపార్ట్‌మెంట్ల అటెండర్‌గ చేసిన. నా పనల్లా ఎండుచెట్ల గది. చెంచురామయ్య సార్ అని మా ప్రొఫెసర్ ఉండె. ఆయన, నేను కిన్నెరసాని వెంబడి, భద్రాచలం అవతలి గుట్టలల్ల తిరిగి కొమ్మలు, పూలు, తీగలు తెచ్చి, అట్టల నడుమ నొక్కి ఎండబెట్టి, తెల్లకాయితాలకు అంటించి దాచినం. నాలుగు వేల పైచిలుకు కాయితాలు. లాటిన్ పేరు సార్ రాస్తుండె, ఊర్లల్ల పిలిచే పేరు నేను చెప్తుంటి. సార్ రిటైరయిండు, ఆర్నెల్లకే పోయిండు. అప్పట్నించి ఆ గదిల నేనొక్కన్నే. ఇంట్ల గూడ ఒక్కన్నే, మా ఇంటిది విశ్రాంతమ్మ అంతకుముందే ప్రభువు దగ్గరికి పోయింది.

2006 ఎండకాలంల పై నుంచి కాయితమొచ్చింది. బోటనీ, జువాలజీ కలిపి ఇగ లైఫ్ సైన్సెస్ అంట. దాని లోపల రీసెర్చ్ గ్రూపులంట, గ్రూపుకు ముగ్గురు లెక్చరర్లన్న ఉండాలెనంట. గది, బీరువా, అటెండరు, ఆఖరికి కుర్చీ గూడ ఏదో ఒక గ్రూపు కింద రాయాలె. ఏ గ్రూపూ అడగని గది జూన్ ఆఖరుకు సీల్ చేస్తరు. వరండాల ఇంత పెద్ద చార్ట్ కట్టిండ్రు.

మా బోటనీ సార్లంత బయోటెక్నాలజీ గ్రూపుల దూరిండ్రు. అప్పుడదే ఫ్యాషన్ గదా! పోయి అడిగిన. "సార్, మన గదిని గూడ మీ కిందనే రాసుకోండ్రి."

"ఎండుగడ్డితోని మాకేం పని అంతోనయ్యా?" అని నవ్విండ్రు.

ఎండుగడ్డంట! ఆ గడ్డి పేర్లు బట్టీపట్టే పాసయిండ్రు వీళ్లు. జువాలజీల చేపల గ్రూపు కాడికి పోతే, మా తొట్లు కడుక్కునుడే మాకు సరిపోతుందన్నరు. రోజూ పొద్దున పోయి చార్ట్ ముందు నిలబడుతుంటి. అన్ని గదులు డబ్బాలల్ల ఉన్నయి, గీతలు గీసి ఒకదానికొకటి కలిపిండ్రు. మా పదకొండో నంబరు లేదు. నా పేరు లేదు. నా వయసుకు సిగ్గుండాలె గాని, చిన్నపిల్లల ఆటల ఎవరూ పిలవనోనికి అయినట్టే అయింది పాణం.

జూన్ నడుమల సుజన మేడమ్ గదికొచ్చింది. కెమిస్ట్రీల కొత్తగ చేరింది, సత్తుపల్లి దిక్కు రైతుల బిడ్డ, అటెండర్లను గూడ మీరు అంటది.

"అంతోనయ్య గారూ, ఇక్కడ మందుచెట్లు ఎన్ని రకాలున్నాయండీ?"

ఇగ చూడుండ్రి నా సంబురం! ఒక్క బీరువా ఇడవలే. అడవినాభి, నేలవేము, తిప్పతీగ, అన్నీ తీసి చూపించిన. ఏది ఏ గుట్ట మీద దొరికింది, ఆనాడు సార్ ఏమన్నడు, అంతా చెప్పిన. మధ్యాహ్నం అన్నం తినుడే మర్చిపోయిన. ఎన్నేండ్లయిందో ఒకరు నన్ను గిట్ల అడిగి.

"ఈ గది మా గ్రూపు రాసుకుంటుంది. మీరూ మాతోనే" అన్నది మేడమ్. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"అడవికి పోయే పని లేకుండానే ఇన్ని దొరికాయి. మిక్సీలో పొడి చేసి, సారం తీసి, మందు గుణాలు చూస్తాం. పొడి కొట్టే పని మీకిస్తా."

"కాయితం మీదయే?"

"అవేనండీ."

తెరిచిన బీరువా తలుపు దగ్గరికేసిన. ఇంకో సంగతి మేడమ్‌కు ఎరుక లేదు. పురుగు పట్టద్దని ప్రతి కొమ్మను పాదరసం విషంల ముంచి తీసినం మేము. అది యాడ రాసిపెట్టలే. సార్‌కెరుక, నాకెరుక. సార్ లేడు.

చెప్తే ఈ గ్రూపు గూడ పోతది. చెప్పకుంటే గది నిలుస్తది, నేను నిలుస్త. రెండు దినాలు నోరు మూసుకున్న. అబద్ధమెందుకు, మూసుకున్న.

మూడో దినం మేడమ్ మిక్సీ పట్టుకొని వచ్చింది, ఎంట ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు. ఒక పిల్ల తిప్పతీగ కాయితం తీసి, గోరుతోని ఆకు పీకబోయింది.

"ఆగు బిడ్డా!" అని ఒర్రిన. ఉన్నదంతా చెప్పిన.

మేడమ్ మొకం తెల్లబోయింది. పిల్లలను చేతులు కడుక్కోమని తోలి నా దిక్కు తిరిగింది. "మొదటి రోజే చెప్పాల్సింది గదండీ."

"అవ్ మేడమ్. తప్పే."

"ఇక ఈ గదిని మా గ్రూపు తీసుకోవడం కుదరదు, అంతోనయ్య గారూ."

జూన్ ముప్పైన గది సీల్ చేసిండ్రు. నన్ను పక్క గదిలున్న పరీక్షల సెక్షన్ల వేసిండ్రు, కవర్లు అంటించే పనికి. డీన్ సార్ కాడికి పోయిన.

"సార్, సీలుండనియ్యండ్రి. వానలున్నన్ని దినాలు వారానికోసారి తెరవనియ్యండ్రి చాలు. రేకులు కారుతయి. బీరువాలు జరిపి బకెట్లు పెడ్త. విషానికి పురుగు రాదు గాని నీళ్లు ఆగుతయా?"

సార్ మొత్తం ఇన్నడు. రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టిండు. "ఏ గ్రూపు తరఫున అడుగుతున్నవు?"

నీ రిజిస్టర్ మంటల కలువ! నీ గ్రూపులు కూలిపోను! అన్నీ లోపలనే అనుకున్న. ఆయన ఎక్కిరిస్తలేడు, నిజంగనే రాసుకుందామని చూస్తున్నడు.

"నా తరఫున సార్."

"గట్ల రాసే జాగ లేదయ్యా ఇండ్ల" అన్నడు, పాపం.

జులైల వాన మూడు దినాలు ఇడవకుండ కొట్టింది. గోడవతల రేకుల నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు ఇనుకుంట కవర్లు అంటించిన. ఆ చెట్లను మిక్సీ నుంచి కాపాడింది నేనే, వానల ముంచింది నేనే. మూడో నాడు సాయంత్రం అందరు పోయినంక పోయి చూసిన. తలుపు కింద నుంచి నీళ్లు వరండాలకొచ్చినయి. ఆ నీళ్లల్ల ఒక ఆకు. ముట్టుకోవద్దని ఎరుకే. అయినా ఏరుకున్న. ఏ చెట్టుదో చూడంగనే ఎరుకైంది. పేరు చెప్దామని పక్కకు తిరిగిన. ఎవరూ లేరు.