మూడు టన్నుల తేడా

పెళ్లిరొట్టెని ఇద్దరం చెరోవైపు లాగితే పెద్ద ముక్క నాకే వచ్చింది కదా, అంటే ఇంట్లో ఇక నా మాటే చెల్లాలి కదా, మరి పొద్దున ఆరింటికి రూమెన్ తడి తువ్వాలు మంచం మీద పడేసి పోతే కోపం రాకుండా నవ్వెందుకొచ్చిందో, దాన్ని తీగ మీద ఆరేసేముందు ముక్కుకి ఆనించుకుని ఎంతసేపు నిలబడ్డానో, పెళ్లయి ఇంకా నెల కాలేదు, రెండు రోజులు తక్కువ, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు కనిపిస్తే చాలు నాకు పండగే, వ్యాన్ కొండ మలుపుల్లో ఊగుతోంది, ఒళ్లో జున్ను పొరలు పెట్టి కాల్చిన బనిత్స పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది, జున్ను కరిగిన వాసన సీట్లన్నిటికీ పాకింది, పక్కనున్న ఫానా మామ్మ ముక్కు ఎగబీల్చి ఎవరికే పిల్లా అది అంటే మా ఆయనకి అన్నాను, ఆ మాటని చక్కెర బిళ్లలా నోట్లో ఇంకోసారి తిప్పుకుని, మా ఆయనకి మామ్మా, ఇవాళ కలినోవో వంతెనకి పరీక్ష, కంకర నింపిన నాలుగు లారీలు తెచ్చి పైన నిలబెడతారు, కింద మా ఆయన గేజీలు పెట్టుకుని వంతెన ఎంత వంగిందో చదువుతాడు, లెక్క కట్టింది నేను, లెక్క కట్టినవాళ్లు కూడా కిందే నిలబడాలి, అది మా ఇంజనీర్ల ఆనవాయితీ, మామ్మ పళ్లు లేని నోటితో నవ్వింది, బాగుంది సంబడం, కొత్త కాపురం వంతెన కిందా, ఇల్లు దొరకలేదా మీకు, ముందు సీట్లోంచి డ్రైవరు కూడా పకపకా నవ్వాడు, నేనూ నవ్వాను, వీళ్లందరికీ నా పెళ్లి తెలియడం ఎంత బాగుందో.

బాయ్ స్తమత్ ఫైలు తెమ్మన్నాడు, బాయ్ అంటే పెద్దాయన అని, మా ఆఫీసులో అందరికన్నా పెద్ద ఇంజనీరు, ముప్పై ఏళ్లుగా అదే గోధుమరంగు టోపీ, తనిఖీ కమిషన్ వాళ్లు సంతకాలు పెట్టాలి పిల్లా, మర్చిపోయి మొగుడి టిఫిను ఒక్కటే తెచ్చేవు అన్నాడు ఫోన్లో, మర్చిపోలేదు, ఇదిగో ఫైలు, అసలు దాన్ని తెరిచింది లెక్క చూసుకోడానికి కూడా కాదు, కొత్త ఇంటిపేరుతో నేను పెట్టిన మొట్టమొదటి సంతకం అందులో ఉంది, దాన్ని చూసుకోడానికి, ఎంత వంకరగా ఉందో, చివరక్షరం తోక గీత దాటిపోయింది, నవ్వుకుంటూ వేలు పెట్టి తడిమాను, సంతకం పైన వంతెన బరువుకి నా పెన్సిలు అంకె, ఆరువందల తొమ్మిది టన్నులు, దాని పక్కన కంప్యూటరు అంకె, ఆరువందల పన్నెండు, వేలు అక్కడే ఆగిపోయింది, వ్యాన్ మలుపు తిరిగింది.

ఎందుకంటే ఆ పెన్సిలు లెక్క నేను వెయ్యలేదు, అంకెలు వేశాను, గీతలు గీశాను, ఒకచోట కొట్టేసి మళ్లీ రాశాను, నిజంగా తడబడినట్టు కనిపించాలని, రబ్బరుతో కొంచెం మసి కూడా చేశాను, కానీ లెక్క వెయ్యలేదు, బాయ్ స్తమత్ దగ్గర ఒకటే నియమం, కంప్యూటరు జవాబు తెరవకముందే వంతెన మొత్తం బరువు ఎంతో ఒక కాగితం మీద పెన్సిలుతో కట్టాలి, రెండూ దగ్గరగా వస్తేనే కంప్యూటరుని నమ్మాలి, పెళ్లయిన కొత్తలో ఒక శుక్రవారం సాయంత్రం కింద వీధిలో రూమెన్ హారన్ కొడుతున్నాడు, రెండు పొట్టివి ఒక పొడుగు, మేం పెట్టుకున్న గుర్తు, కారులో చెర్రీపళ్లు ఉన్నాయని మెసేజి కూడా పెట్టాడు, నేను ముందే జవాబు తెరిచేశాను, ఆరువందల పన్నెండు, తెర మీద వంతెనంతా నీలం, అక్కడక్కడా ఆకుపచ్చ, ఎక్కడా ప్రమాదం చూపే ఎరుపు లేదు, ఎరుపు లేకపోతే ఇంకేం కావాలి, కాగితం తీసుకుని కింద నుంచి పైకి రాసుకుంటూ పోయాను, జవాబు ముందు, లెక్క తర్వాత, సరిగ్గా పన్నెండే వస్తే ముసలాయన పట్టేస్తాడని మూడు తగ్గించాను, మెట్లు దిగుతూ ఈల వేసుకున్నాను కూడా, సోమవారం బాయ్ స్తమత్ కళ్లజోడు పైకెత్తి చూసి, మూడు టన్నుల తేడా, భేష్, సరిగ్గా కలిసుంటే అనుమానపడేవాణ్ణి అన్నాడు, నా తల నిమిరాడు, అయ్యో నా తల నిమిరాడు.

సరే, ఇప్పుడు వేస్తే పోలా, తొమ్మిదీ నలభై, పదింటికి కదా మొదటి లారీ ఎక్కేది, పెన్సిలుంది, పొట్లం కాగితం నూనె అంటని చోట వేస్తాను, పొడవు నలభై మీటర్లు, వెడల్పు ఏడు, కాంక్రీటు మందం దూలాలతో కలిపి సగటున డెబ్బై సెంటీమీటర్లు అనుకుంటే నాలుగువందల తొంభై టన్నులు, పైన తారు, తారు, తారు ఎంత, యాభై ఏళ్ల నాటి నక్షాలో ఏడు సెంటీమీటర్లని ఉంది, మొదట ఏడనే వేశాను కంప్యూటరు మోడల్లో, పెళ్లికి వారం ముందు రూమెన్ వంతెన మధ్యలో రంధ్రం తొలిచి చూసొచ్చాడు, నెవెనా, అది వంతెన కాదు, నా పుట్టినరోజు కేకు, ఎన్ని పొరలో తెలుసా, ఎన్నికలొచ్చినప్పుడల్లా ప్రతి మేయరూ పాత తారు తియ్యకుండా పైన కొత్తది పోయించాడు, ఇరవై మూడు సెంటీమీటర్లు అన్నాడు, ఇద్దరం ఎంత నవ్వామో, ఏ పొర ఏ మేయరుదో కనిపెట్టే ఆట ఆడాం, ఆ తర్వాత ఏడుని ఇరవై మూడు చేశానా, చేశాను, రెండూ మూడూ నొక్కినట్టు వేళ్లకి బాగా గుర్తుంది, కానీ మా కొత్త ఫ్లాటు వీధి తలుపుకి కూడా చివర్న రెండూ మూడూ నొక్కుతాను, రోజుకి నాలుగుసార్లు, వేళ్లకి గుర్తున్నది ఏ ఇరవై మూడు.

ఆ కాస్త తారేగా అనుకోడానికి లేదు, ఏడుకి నలభై టన్నులు, ఇరవై మూడుకి నూటముప్పై రెండు, తేడా తొంభై రెండు, ఒక్కో లారీ పాతిక టన్నులు, అంటే దాదాపు నాలుగు లారీలు ఇప్పటికే వంతెన మీద నిలబడి ఉన్నాయి, ఎవరికీ కనపడకుండా, ఇంజను చప్పుడు లేకుండా, వాటి మీద ఇంకో నాలుగు, వాటి కింద నా రూమెన్, మెడ ఎత్తి, ఒక కన్ను మూసి, సూది కదలడం చూస్తూ, కంప్యూటరు అబద్ధమాడదు, ఏడని చెబితే ఏడుకే రంగులు వేసిస్తుంది, పాపం దానికేం తెలుసు మేయర్ల సంగతి, ఫోన్ చేద్దామంటే లోయలోకి దిగాక సిగ్నల్ గీతలు పోయాయి, ఆఫీసులో మోడల్ తెరిచి చూడమందామన్నా అందరూ వంతెన దగ్గరే ఉన్నారు, బాబూ కొంచెం తొందరగా పోనివ్వవా అన్నాను, డ్రైవరు అద్దంలోంచి చూసి, మొగుడెక్కడికీ పారిపోడులే కొత్తపెళ్లికూతురా, ముందు గొర్రెలు కనపడ్డంలా అన్నాడు, నిజమే, రోడ్డంతా గొర్రెలు, మెడగంటలు, ఒక్కోటీ ఆగి మరీ వ్యాన్‌ని చూస్తోంది, మామ్మ నా చేతి మీద చెయ్యి వేసింది, ఏమే, ఒళ్లంతా చల్లబడిపోయింది, విశేషమా ఏంటి అంది, కాదు మామ్మా, కాదు.

మళ్లీ వేస్తాను, నాలుగువందల తొంభై, తారు ఏడైతే నలభై, కాలిబాటలూ కమ్మీలూ ఎనభై అనుకుంటే ఆరువందల పది, కలిసింది, అంటే నేను ఏడే వేశాను, చచ్చాను, ఆగు, కాంక్రీటు మందం డెబ్బై అని ఎవరన్నారు, అరవైయేమో, అరవైకి నాలుగువందల ఇరవై, తారు ఇరవై మూడైతే నూటముప్పై రెండు, కాలిబాటలు అరవై, ఆరువందల పన్నెండు, కలిసింది, అంటే ఇరవై మూడే వేశాను, బతికాను, ఒకే పొట్లం కాగితం మీద పక్కపక్కనే చావూ బతుకూ, రెండూ సరిగ్గా కలిశాయి, నేను పెన్సిలు ఎటు నడిపితే అటే వస్తోంది జవాబు, ఎందుకంటే ఎక్కడికి చేరాలో నాకు ముందే తెలుసు, తెలిసిన ఇంటికి ఎద్దులు బండి లాక్కుపోయినట్టు చెయ్యి దానంతటదే పోతోంది, దేవుడి తల్లీ, ఆ ఆరువందల పన్నెండుని నా తలలోంచి తీసెయ్, ఒక్క పది నిమిషాలు.

గొర్రెలు దాటాయి, చివరి మలుపు, అదిగో వంతెన, నాలుగు లారీలూ అవతలి గట్టున వరుసగా, మొదటిదాని పొగగొట్టంలోంచి నీలం పొగ, ఆపు, ఇక్కడే ఆపు, పొట్లం సీట్లో పడిపోయింది, మామ్మ నా చేతికి ఇవ్వబోతోంది, నేను పరుగెడుతున్నాను, ఫైలు గుండెకి కొట్టుకుంటోంది, ఆపండి, లారీలు ఆపండి, అది నా గొంతేనా, లారీ డ్రైవరు తల బయటికి పెట్టాడు, కమిషన్ వాళ్లు ముగ్గురూ తిరిగి చూశారు, బాయ్ స్తమత్ చెయ్యి పైకెత్తాడు, ముందు చక్రాలు వంతెన అంచు మీదే ఆగాయి, ఏంటి పిల్లా ఆ కేకలు, పాము కరిచిందా, లేదు, ఆ పెన్సిలు కాగితం నేను వెయ్యలేదు, అంటే నేనే వేశాను కానీ లెక్క వెయ్యలేదు, జవాబు చూసి రాశాను, తారు ఏడు ఇచ్చానో ఇరవై మూడు ఇచ్చానో నాకు గుర్తు లేదు, ఇప్పుడు ఏది వేసినా కలిసిపోతోంది, ఒక్క గుక్కలో అనేశాను, ఆయన టోపీ తీశాడు, టోపీ లేకుండా ఆయన తలని నేనెప్పుడూ చూడలేదు, ముప్పై ఏళ్లలో ఎవరూ చూసి ఉండరు, చాలా చిన్న తల, ఆ మూడు టన్నుల తేడా కూడా నువ్వే పెట్టావా అన్నాడు, మెల్లగా, అరిచి ఉంటే బాగుండేది, నేనే పెట్టాను.

కింద నుంచి రూమెన్ గట్టెక్కి వస్తున్నాడు, మోకాళ్ల దాకా తడిసి, నవ్వుతూ, నేను టిఫిను కోసం పరుగెత్తుకొచ్చాననుకుంటున్నాడు, పెళ్లిరోజు మా పిన్ని చెప్పినట్టు రొట్టె అడుగున బొటనవేలి గోరుతో గాటు పెట్టాను, పెద్ద ముక్క నా వైపు విరగాలని, ఇంట్లో నా మాట చెల్లాలని, రెండో రోజు పొద్దున కాఫీ తాగుతూ తను చెప్పాడు, ఆ గాటు నాకు కనిపించింది, అందుకే నేను మెల్లగా లాగాను, నువ్వు గెలిస్తే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామని, ఎంత మురిసిపోయానో ఆ మాటకి, కప్పు ఒలకబోసుకున్నాను, ఇప్పుడు అదే మాట గుర్తొస్తే భయమేస్తోంది, బాయ్ స్తమత్ ఆ అంకె చూశాడు, కమిషన్ ముందే నకలులో చూసింది, నేను చూశాను, మా ఎవరి చేతులూ ఇక పనికిరావు, దాన్ని చూడనిది ఇక్కడ ఒక్క రూమెన్ మాత్రమే, దూలాల కొలతలూ తారు మందమూ తన చేత్తో కొలిచి తడిసిన నోటుబుక్కులో రాసుకున్నవాడు, తన లెక్క ఆరువందల పన్నెండు దగ్గరికొస్తే నేను ఇరవై మూడే వేసినట్టు, ఏడువందలు దాటితే ఏడు, రూమెన్, వంతెన బరువు కట్టు, నీ కొలతలతో, ఇప్పుడే అన్నాను, ఎంత రావాలి అన్నాడు, అంకె నాలుక చివరిదాకా వచ్చింది, కొరుక్కున్నాను, అడక్కు, పెన్సిలు తన చేతిలో పెట్టాను, తను నోటుబుక్కు తెరిచి, మొదటి అంకె రాసి, తలెత్తి నా మొహంలోకి చూశాడు, నేను గెలుస్తున్నానా లేదా అని అప్పుడు చూసినట్టే చూశాడు, అప్పుడు అర్థమైంది, నన్ను ప్రేమించేవాడు నా జవాబు వైపే మెల్లగా లాగుతాడు, నేను నోరు మూసుకున్నా నా మొహం చెప్పేస్తుంది, అందుకని వీపు తిప్పి ఏటి వైపుకి నిలబడ్డాను, వెనక కాగితం మీద పెన్సిలు నడుస్తోంది, ఆగుతోంది, మళ్లీ నడుస్తోంది, నేను వెనక్కి తిరగను.