రెండు వాలుల సందూగ

సోమనర్సయ్యను పోలీసులు పట్టుకుపోయిన మూడో రోజు పొద్దున ఓదెమ్మ వడ్రంగి కొట్టంలోకి వెళ్లి, భర్త సగంలో వదిలేసిన చెక్క పలకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ కొట్టంలో చెక్కల అవతలి కొస పట్టుకుంది, ఉలులు నూరింది, పూర్తయిన తలుపులకు నూనె రాసింది. గీత మాత్రం ఎన్నడూ గీయలేదు. అది ఆయన పని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి రెండు వారాలు. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. సోమనర్సయ్య లింగాల ఘనపూర్‌లోని దీక్ష టెంటులో అప్పుడప్పుడు కూర్చుని వచ్చేవాడే గానీ, ముందు వరుసలో నిలబడే మనిషి కాదు. రైల్ రోకో రోజున కూడా జనగామలో కలప అడితికి పోయి తలుపు బందులు తెస్తానని చెప్పి, ఎవరి బండి మీదో వెళ్లాడు. పొద్దుగూకినా రాలేదు. టెంటు నుంచి నలుగురు వచ్చారు.

"వదినె, అన్నను అరెస్టు జేసిన్రు. పోలీసులు మీదికొస్తె అందరం ఉరికినం. అన్న ఒక్కడే పట్టాల మీద నిలబడ్డడు. ఇసుమంత గూడ జరగలే," అన్నాడు వాళ్లలో ఒకడు. ఆ గొంతులో గౌరవం ఉంది.

ఓదెమ్మకు నమ్మబుద్ధి కాలేదు. వాకిట్లో హోంగార్డు కనిపిస్తేనే బీడీ ఆర్పేసే మనిషి. వీళ్లు ఇంకెవరినో చూసి పొరబడ్డారేమో అనుకుంది. కానీ వాళ్లు తెచ్చిచ్చిన చేతిసంచి ఆయనదే. పద్నాలుగు రోజుల రిమాండు, వరంగల్ జైలు అని తర్వాత తెలిసింది. ఊళ్లోవాళ్లు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పొగిడిపోయారు. ఏడవాలో, తలెత్తుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆ గడబిడలోనే నర్మెట్ట దగ్గరి తండా నుంచి గంగి వచ్చింది. కొడుకు జాల్యా ట్రాలీ ఆటోలో తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన ఆ అవ్వ తన బట్టలు దాచుకునే సందూగ పెట్టె కోసం అంతకుముందే రెండుసార్లు వచ్చిపోయింది. ఆమె వయసులో ఉండగా అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టుకున్న ఫేట్యా లంగాలు, కాంచళి రవికలు ఇనుప పెట్టెలో ఉండేవి. పెట్టెకు తుప్పుపట్టి అడుగు పోయింది, ఎలుకలు దూరుతున్నాయి. ఈసారి కర్రది కావాలి, అందులో ఒక్క మేకు ఉండకూడదు. మేకుకు తగిలితే అద్దం ఊడుతుంది, దారం తెగుతుంది.

"అవ్వా, ఆయన జైల్ల ఉన్నడు," అంది ఓదెమ్మ.

"తెల్సు బిడ్డా. నువ్వున్నవ్ గద."

"ఏ, ఊకో యాడీ," అన్నాడు జాల్యా తల్లితో, సిగ్గుపడి. "అక్కా, తొందరేం లేదు."

"తొందర లేదంటవేందిరా? మంది అంత సమ్మెల ఉన్నరు గని ఎలుకలు లేవు," అంది గంగి.

అందుకే ఓదెమ్మ ఇప్పుడు పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేకులు లేకుండా మూల కలపాలంటే తోకపళ్ల అతుకు వేయాలి. ఒక పలక అంచున పావురం తోకలా కొసకు విచ్చుకున్న పళ్లు కోస్తారు. రెండో పలక అంచున వాటికి జోడైన పళ్లు కోస్తే, రెండూ ఒకదానిలో ఒకటి ఇరుక్కుని, లాగినా ఊడవు. పట్నంలో దాన్నే డవ్‌టేల్ అంటారని సోమనర్సయ్య చెప్పేవాడు. సందూగ ముందు పలకకు ఆయన రెండు కొసలా తోకపళ్లు కోసి ఉంచాడు. వెనక పలక, పక్క పలకలు రెండూ ఇంకా నున్నగా, ఏ గీతా లేకుండా ఉన్నాయి.

ఉన్న పళ్లను చూసి వెనక పలక మీద గీస్తే చాలుననుకుంది ఓదెమ్మ. మొదటి పన్ను మీద కాగితం పెట్టి దాని వాలును పెన్సిలుతో దించుకుంది. సరిచూసుకుందామని ఆ కాగితాన్ని రెండో పన్ను మీద పెట్టింది. కుదరలేదు. తిప్పి పెట్టింది. అప్పుడూ కుదరలేదు. మూడో పన్ను దేనితోనూ కలవలేదు. రెండో కొసన పళ్లయితే ఒకటి నిటారుగా, ఇంకొకటి మరీ వాలిపోయి ఉన్నాయి. ఇంత కాలం చూస్తూ ఇందులో తనకు తెలియని కిటుకు ఏదో ఉండిపోయిందని ఆమెకు అనిపించింది.

ఎప్పుడో ఎవరికో చెబుతూ ఆయన "ఆరుకు ఒకటి" అనడం గుర్తుంది. ఆరు ఏమిటి? ఆరు అంగుళాలా? అంగుళాలైతే పన్ను పలకను దాటి పోతుంది. ఒకటి ఏమిటి? వేలా, గీతా? నాలుగు కాగితాలు నింపి, చివరికి అన్నీ ఉండచుట్టి పడేసింది.

రెండు రోజుల తర్వాత జాల్యా ఆటోలో ఆమె వరంగల్ వెళ్లింది. జైలు ములాఖత్‌లో ఇనుప జాలీకి అటువైపు సోమనర్సయ్య కనిపించాడు. గడ్డం పెరిగింది. ఆమె ఎదురుగా నిలబడినా ఆయన చూపు కొద్దిగా పక్కకు పోతోంది.

"అన్నం తింటున్నవా?"

"తింటున్న. ఈడ అందరు మనోళ్లే. పొద్దంత పాటలు పాడ్తరు."

ఆమె మనసులో ఉన్నదే అడిగేసింది. "ఆరుకు ఒకటంటివి గద. ఆరు ఏంది?"

"గదెందుకు నీకు?"

"గంగవ్వ సందూగకు."

ఆయన జాలీకి దగ్గరగా జరిగాడు. తర్వాత జాలీ మీద వేలితో గీస్తూ చెప్పాడు. "ఏదైనా సరే. ఆరు వేళ్లు పైకి పోతె ఒక వేలు పక్కకు జరగాలె. ఆరు గింజలు పోతె ఒక గింజ. రెంటికి ఒక్కటే కొలత. గంతే."

"మరి నువ్వు కోసిన పళ్లు అట్ల లేవు. దేని తీరు దానిదే ఉన్నది. నేనే తప్పు సూస్తున్ననా?"

సోమనర్సయ్య తలొంచుకున్నాడు. వెనక ఎవరో నినాదం ఎత్తుకున్నారు, నలుగురు అందుకున్నారు. ఆ చప్పుడు తగ్గాక నెమ్మదిగా అన్నాడు.

"తప్పు నీది గాదు. నాకే కనబడ్తలేదు ఓదీ. ఎండకాలం సంది. కుడి కన్నుల అంత పొగ లెక్క. ఎడమది జర నయం."

"నాకు చెప్పకపోతివి?"

"ఏం జెప్పాలె? గీత గీసుడే నా బతుకాయె."

ఆమెకు కోపం రావాలి, రాలేదు. ఇంకో సంగతి తట్టింది. "గా రోజు పట్టాల మీద..."

"అడితికి అడ్డదారని పట్టాల ఎంబడి నడుస్తున్న. మంది ఉరుకుతున్నరు. ఎటు ఉరకాల్నో సమజ్ కాలే. ఖాకీ బట్టలు ముంగటకొచ్చినంక కనబడ్డయ్. నిలబడ్డ. ఈళ్లంత నాకు దండం పెడ్తున్నరు. ఏమనాల్నో నాకు తెలుస్తలేదు."

టైమైపోయిందని కానిస్టేబుల్ పిలిచాడు. వెళ్లబోతూ ఆయనే అన్నాడు, "ముందటి పలక పారెయ్యకు. ఏ పన్నుకు ఆ పన్నునే ఆనిచ్చి జోడు గీస్తె కూసుంటది. ఎనక పలకకు మాత్రం అచ్చు చేస్కో. అచ్చుంటె కన్నుతోటి పని లేదు."

అచ్చు ఎలా ఉంటుందో ఆయన చెప్పలేదు. ఆయన ఎన్నడూ వాడలేదు, ఆయనకు కన్నే అచ్చు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఓదెమ్మ అరచేతిలో వేలితో గీసుకుంటూనే ఉంది.

మర్నాడు అరచెయ్యంత టేకు ముక్క తీసుకుని రందాతో రెండువైపులా సాపు చేసింది. అంచుకు మూలమట్టం చూసే గునియా ఆనించి నిలువు గీత గీసింది. కొలతకు పావు అంగుళం ఉలిని ఎంచుకుంది. ఉలి మొనను గీత మీద కింది నుంచి పైకి వరసగా ఆరుసార్లు అద్దింది. పైనుంచి అదే మొనను ఒక్కసారి పక్కకు అద్దింది. కింది గుర్తును, ఆ పక్క గుర్తును కలిపి గీసింది. కొద్దిగా వాలిన గీత వచ్చింది. ఇంత చిన్న వాలు కోసమా ఇన్ని కాగితాలు చించింది!

గీతకు వెంట్రుకవాసి ఇవతల రంపం పెట్టి కోసి, గీత దాకా రందాతో తీసింది. ఇక అది పలక అంచుకు కదలకుండా ఆనాలి. అందుకు వేలెడు పొడవున్న పుల్లను సాపు చేసి, ముక్క కింది అంచున అడ్డంగా ఫెవికాల్‌తో అంటించింది. ఆరాక పనికిరాని పలక మీద పెట్టి చూసింది. పుల్ల అంచుకు ఆనింది, కత్తి మొన వాలు వెంట పోయింది. ఎడమకు వాలిన గీతలు అన్నీ ఒక్క తీరుగా వచ్చాయి.

కానీ పన్నుకు రెండు పక్కలుంటాయి. కుడికి వాలే గీత కోసం అచ్చును తిరగేసింది. తిరగేస్తే పుల్ల పైకి వచ్చింది, అంచుకు ఆనడానికి కింద ఏమీ లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తలకిందులు చేస్తే వాలే మారిపోతోంది. వాలు తప్పా, పుల్ల తప్పా, లేక తను పట్టుకున్న తీరే తప్పా? అన్నం పొయ్యి మీద మాడిన వాసన వచ్చేదాకా అచ్చును తిప్పుతూనే ఉంది.

మాడిన గిన్నె తోముతుండగా తట్టింది. రెండో వైపు కూడా పుల్ల ఉంటే సరి. తడి చేతులతోనే కొట్టంలోకి పోయి, ఇంకో పుల్ల సాపు చేసి, మొదటిదానికి వెనకవైపు సరిగ్గా ఎదురుగా అంటించింది. ఇప్పుడు ఎటు తిప్పినా ఏదో ఒక పుల్ల అంచుకు ఆనుతుంది. వెనక పలక రెండు కొసలా గీసి, కోసేయాల్సిన చోట బొగ్గుతో ఇంటూ గుర్తులు పెట్టింది. కోయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

పద్నాలుగు రోజులయ్యాక సోమనర్సయ్యకు బెయిలు వచ్చింది. టెంటు దగ్గర డప్పులు కొట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. మాట్లాడమని మైకు పెట్టారు. ఆయన మైకుకు ఒక జానెడు పక్కగా నిలబడి నోరు తెరిచాడు. ఓదెమ్మ వేదికెక్కి మోచెయ్యి పట్టుకుని సరిగ్గా నిలబెట్టింది.

"నాకు కండ్లు కనబడ్తలేవు," అన్నాడు ఆయన. "గా రోజు మీరంత ఉరికిన్రు. నాకు తొవ్వ కనబడక ఉరకలే. గంతే తప్ప నేను చేసిందేం లేదు."

జనం చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు, డప్పు మళ్లీ మోగింది. "ఎంత పెద్ద మనసు సూడు," అంటోంది ఓదెమ్మ పక్కన ఒకావిడ.

ఇంటి దారిలో ఆయన అడిగాడు, "నిజమే జెప్తిని గద. ఎందుకు కొట్టిన్రు చప్పట్లు?"

"ఏమో."

"నమ్మలేదంటవా?"

"నమ్మిన్రో లేదో నాకు గూడ సమజ్ కాలే. నడువు, ముంగట గుంత ఉన్నది."

కొట్టంలో ఆయన అచ్చును చేతిలోకి తీసుకుని, వాలు వెంట బొటనవేలు మూడుసార్లు నడిపించాడు. గునియా అడిగి ఆనించి, గోరుతో సందు వెతికాడు. సందు దొరకలేదు. "రంపం తే," అన్నాడు.

ఆమె పెన్సిలు గీతల మీద అచ్చు పెట్టి కత్తితో లోతుగా గాటు పెట్టింది. ఆయన గాటును గోటితో తడిమి రంపం నిలిపేవాడు. బొగ్గు గుర్తు ఏ పక్కనుందో ఆమె చెబితే ఆ పక్కన కోసేవాడు. ఒకసారి ఆమె "కుడి" అనబోయి "ఎడమ" అంది. ఒక పన్ను పోయింది. తర్వాత అక్కడ చిన్న ముక్క అతికించారు. వెనక పలకకు పక్క పలకలు ఇట్టే కుదిరాయి. ముందు పలక వంకరపళ్లకు ఒక్కొక్క పన్నునూ ఆనించి జోడు గీయడానికి నాలుగు రోజులు పట్టింది. గంగి వచ్చి సందూగ చుట్టూ తిరిగి, మూలలన్నీ తడిమి, ముందు ఒక తీరు, వెనక ఒక తీరు ఎందుకుందని అడిగింది. ఇద్దరు చేస్తే అట్లనే ఉంటుందని ఓదెమ్మ చెప్పింది. అవ్వ తల ఊపి, సందూగను జాల్యాతో ఆటోలోకి ఎక్కించుకుంది.

అక్టోబరు చివర్లో టెంటు విప్పేశారు.

"వచ్చినట్టా తెలంగాణ?" అని అడిగాడు సోమనర్సయ్య.

"రాలే. సమ్మె వాయిదా ఏసినం అంటున్నరు."

"అంటె ఓడినమా?"

"ఓడలేదంటున్నరు."

బస్సులు తిరగడం మొదలయ్యాక వరంగల్ దవాఖానలో సోమనర్సయ్య కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమది ఆర్నెల్లు ఆగుదామన్నారు. పట్టీ విప్పాక వెలుగు మరీ ఎక్కువగా ఉందని ఆయన వారం రోజులు విసుక్కున్నాడు. మళ్లీ గీతలు గీయడం మొదలుపెట్టాడు గానీ, రెండు గీతలకోసారి ఆమెను పిలిచి, "గిది సక్కగున్నదా?" అని అడిగేవాడు.

సంక్రాంతి దాటాక చిల్పూర్ నుంచి ఒకాయన మసాలా దినుసులకు పెట్టె కావాలని వచ్చాడు. సోమనర్సయ్యకు ఎదురుగా కూర్చుని పొడవు, వెడల్పు చెప్పబోయాడు.

"గామెకు చెప్పు," అన్నాడు సోమనర్సయ్య ఉలి నూరుతూ.

ఆ మనిషి ఓదెమ్మ వైపు చూశాడు, మళ్లీ ఆయన వైపు చూశాడు. "పెట్టె చేసే వడ్లాయన ఎవరు మరి?" అన్నాడు. ఓదెమ్మ కాగితం, పెన్సిలు తీసింది. అతను ఓదెమ్మ వైపు తిరిగి, ఎంత పెట్టె కావాలో రెండు చేతులూ చాచి చూపించాడు.