రెండు తాళాల తూము

నేను ఒక ఇనప హ్యాండిల్ని. కాలువ వంతెన పక్కన తూము తలుపు ఉంటుందే, దాన్ని పైకీ కిందికీ తిప్పే వంకర హ్యాండిల్ని. ఇప్పుడు తుక్కు కొట్లో పడున్నాను కదా అని జాలిపడకండి. జాలిపడేవాళ్లంటే నాకు అసలే అనుమానం.

నన్ను తిప్పే ఉద్యోగం లస్కరు ఏసుదాసుది. గట్టు కిందే అతని పెంకుటిల్లు. మొదట్లో అతన్నీ అనుమానించాను. ఊరికే నూనె రాస్తాడా ఎవడైనా? రాశాడు మరి, ఏళ్ల తరబడి. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క నాకే విసుగొచ్చింది.

ఊళ్లవాళ్లకి మాత్రం దొరికింది. వంతెనకి ఎగువన వీర్రాజుగారి రైసుమిల్లు. ధాన్యం పడవలు మిల్లు రేవుకి రావాలంటే తూము దించి నీళ్లు నిలబెట్టాలి. దిగువన సూర్రావుగారి ఊరి చేలు. అవి తడవాలంటే తూము ఎత్తాలి. దించితే ఏసుదాసు మిల్లు బియ్యం తింటున్నాడని దిగువోళ్లు, ఎత్తితే దిగువోళ్ల కల్లు తాగుతున్నాడని ఎగువోళ్లు. చివరికి వంతెన మీద పంచాయితీ పెట్టి, నన్ను గొలుసుతో కట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి వీర్రాజుగారి మొలతాడుకి, రెండోది సూర్రావుగారి మొలతాడుకి. ఇద్దరూ వస్తేనే నేను కదలాలి. ఎంత తెలివో చూడండి!

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. పట్టపగలే కాలువ గట్టు అంచుదాకా వచ్చేసింది. ఏసుదాసు భార్య మరియమ్మ మిల్లుకి పరుగెత్తింది.

"అయ్యా, తూము ఎత్తకపోతే గట్టు తెగిపోద్దండి. బేగి రండి!"

"సూర్రావు వచ్చాడా? లేదా? మరి నేనొక్కణ్ణే వస్తే నా తాళంచెవి లాక్కుందామనా? ముందు వాణ్ణి రమ్మను."

ఏసుదాసు దిగువకి పరుగెత్తాడు. సూర్రావుగారు మబ్బుకేసి చూశారు. "ఇంత వానలో మాకు నీళ్లెందుకురా? ఇదేదో మిల్లాయన పన్నాగం. ముందు ఆయన్ని రమ్మను."

మొగుడూ పెళ్లాం తడిసి ముద్దయి నా ముందు నిలబడ్డారు. ఏసుదాసు చేతిలో గునపం ఉంది. కొట్టవయ్యా బాబూ, తాళానికో దెబ్బ చాలు, అని నా ప్రాణం కొట్టుకులాడింది. గునపం ఎత్తాడు. మళ్లీ దించేశాడు.

గట్టు తెగింది. ముందు ఏసుదాసు ఇల్లు పోయింది. తర్వాత మిల్లు గోదాములో ధాన్యం, ఆపైన దిగువ ఊరి నాట్లు ఊడ్చిన చేలు.

అప్పుడొచ్చారు పెద్దమనుషులిద్దరూ, మొలతాళ్లు తడుముకుంటూ. "గునపం పట్టుకుని చూస్తా నిలబడ్డావేంట్రా? తాళాలు పగలగొట్టలేకపోయావా?" అని వీర్రాజుగారు అరిచారు.

ఏసుదాసు ఇల్లున్న చోటుకేసే చూస్తున్నాడు. "పగలగొడితే గట్టు నిలబడేదండి. అప్పుడు ఎందుకు పగలగొట్టావని అడిగేవారు కదండి."

నాకు ఏడుపొచ్చింది. గండి ఇంకా వెడల్పవుతోంది. ఇద్దరూ తాళంచెవులు చేతిలోకి తీసుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందు తమరు తియ్యండి," అన్నారు సూర్రావుగారు.