తొమ్మిదో పేరు

రెండో బేసు దగ్గర మేకు దిగడం లేదు. వరదమ్మ సుత్తి పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని మేకు చుట్టూ నీళ్ళు పోసింది. మార్చి నెలకే గుడియాత్తం నేల పెంకులా గట్టిపడిపోయింది. నీళ్ళు ఇంకేదాకా ఆగి మళ్ళీ రెండు దెబ్బలు వేసింది. ఈసారి దిగింది. తాడు ముడిని దానికి తగిలించి, వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి లాగి చూసింది. తాడు ఎక్కడా వదులు కాలేదు.

ఆ తాడు ఆమె సొంత తయారీ. బేసు నుంచి బేసుకు అరవై అడుగులకు ఎర్రగుడ్డ ముడి, పిచర్ నిలబడి బంతి వేసే చోటికి పచ్చగుడ్డ ముడి, మూల నుంచి మూలకు నీలిగుడ్డ ముడి. ఆ పీలికలన్నీ ఆమె భర్త సుబ్బరాయులు మగ్గం మీద నేసే లుంగీల అంచులవి. వరదమ్మకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. చదవడం మాత్రం రెండింటిలోనూ రాదు. కొత్తలో ఒకసారి టేపు మీద అంకె పొరబడి అందరి ముందూ మాట పడింది. ఆ సాయంత్రమే అప్పటి పి.టి. మేడమ్ చేత అన్ని దూరాలూ కొలిపించుకుని ముడులు వేసుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఆడపిల్లల కాలేజీ గ్రౌండులో సాఫ్ట్‌బాల్ గీతలన్నీ ఆ ముడులతోనే పడుతున్నాయి. అనుమానం వచ్చి టేపు వేసి చూసిన అంపైర్లు ఉన్నారు. చూసి టేపు చుట్టేసుకున్నారు.

ఆమె పొట్టి మనిషి. చీర మీద భర్త పాత చొక్కా, దాని చేతులు మణికట్టు దాకా. సున్నం డబ్బా మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. వేళ్ళ చివర్లు సున్నానికి పగిలి ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. అన్నం కలిపేటప్పుడు మండుతాయని ఇంట్లో చెంచాతో తింటుంది. పెళ్ళయి పరదరామి పక్క పల్లె నుంచి ఈ ఊరొచ్చాక తొమ్మిదేళ్ళు అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసింది. తర్వాత కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. ఒక స్పోర్ట్స్ డే నాడు గీతలు గీసే మనిషి రాకపోతే, చేతిలో చీపురున్న ఆమెను పిలిచి సున్నం డబ్బా పట్టించారు. ఆమె గీసిన గీత మీద నడుచుకుంటూ పోయి, వెనక్కి తిరిగి చూసి పి.టి. మేడమ్, నువ్వింక చీపురు పట్టొద్దన్నారు. వరదమ్మ జీవితంలో ఎవరైనా ఆమెను ఒక పనికి ఏరుకోవడం అదే మొదటిసారి. ఆ పని ఈ నెలాఖరుకు ముగుస్తుంది. వయసు దాటిపోయిందని ఆఫీసు వాళ్ళు చెప్పారు.

బ్యాటు పట్టి నిలబడే హోమ్ ప్లేటు నుంచి మొదటి బేసుకు, గీతలు వేసే సున్నం చక్రాన్ని తోసుకుంటూ నడిచింది. నిరుడు సరిగ్గా ఇదే నెలలో కరోనా అని కాలేజీ మూసేశారు. యూనివర్సిటీ పోటీలు, జోనల్ పోటీలు, ఇంటర్ కాలేజీ పోటీలు ఒక్కొక్కటీ వాయిదా పడి, తర్వాత రద్దయ్యాయి. గ్రౌండంతా వయ్యారిభామ మొలిచింది. బస్సులు లేని రోజుల్లో వరదమ్మ నెల్లూరుపేటలో ఇంటి నుంచి నడిచి వచ్చి, మంగళవారం మంగళవారం కలుపు పీకి, పీకినంత మేరా గీతలు కూడా వేసి పోయేది. ఎవరు ఆడతారని ఇవి అని వాచ్‌మన్ పెరియస్వామి నవ్వేవాడు. చెయ్యి మరిచిపోతే మళ్ళీ రాదని ఆమె చెప్పేది.

ఫిబ్రవరిలో పిల్లలు తిరిగొచ్చారు. పి.టి. మేడమ్ బదిలీ అయి ఆ పోస్టు ఖాళీగా ఉంది. జట్టు కెప్టెన్ హేమప్రియ తనే వేలూరు కాలేజీ కోచ్ సెల్వానికి ఫోన్ చేసి, వారం రోజులు ప్రిన్సిపాల్ గది ముందు నిలబడి, ఒక్క మ్యాచ్‌కి ఒప్పించింది. చూసేవాళ్ళు ఉండకూడదు, ఐదు ఇన్నింగ్సే ఆడాలి, ఇన్నింగ్సుకోసారి బంతిని శానిటైజర్‌తో తుడవాలి. ఫైనలియర్ పిల్లలకు ఆ ఏడాది మొత్తానికీ అదొక్కటే ఆట. మిగిలిన పిల్లల్ని ఇళ్ళల్లో పంపనందువల్ల జట్టులో సరిగ్గా తొమ్మిది మందే తేలారు.

ఎనిమిది గంటలకు హేమప్రియ సైకిలు దిగి నేరుగా వరదమ్మ దగ్గరికి వచ్చింది.

"నివేద రాదు వరదక్కా. వాళ్ళవ్వకు పాజిటివ్ వచ్చిందంట. గేటుకు మునిసిపాలిటీవాళ్ళు కాగితం అంటించి పోయినారు."

నివేద వాళ్ళ పిచర్. వాళ్ళ ఇల్లు గ్రౌండు కుడివైపు గోడకు ఆనుకునే ఉంటుంది. ఇద్దరూ అటు చూశారు. మిద్దె మీద జట్టు చొక్కా వేసుకుని, మాస్కు పెట్టుకుని నివేద నిలబడి ఉంది. అవ్వకు జ్వరం తగ్గిందని, గంజి తాగిందని అక్కణ్ణుంచే అరిచి చెప్పింది. ఆ తర్వాత ముఖం పక్కకు తిప్పుకుంది.

తొమ్మిదింటికి వేలూరు వ్యాను వచ్చింది. అంపైరు దేవా పక్క బడిలో పి.టి. మాస్టరు, పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే మనిషి. లెక్క పెట్టి, ఎనిమిది మందితో ఆట మొదలుపెట్టే వీల్లేదన్నాడు. ఆడకుండానే వేలూరు గెలిచినట్టు రాయాలన్నాడు.  నివేద బదులు బంతి వేయాల్సిన మోనిష మాస్కు కళ్ళదాకా లాక్కుంది. హేమప్రియ మోకాలి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

వరదమ్మ సున్నం చక్రం దగ్గర నిలబడి ఇదంతా చూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఆట సంగతుల్లో ఏనాడూ నోరు పెట్టలేదు. గీత గీయడం, పక్కకు తప్పుకోవడం, అంతే. ఇప్పుడు చేతులు చీరకు తుడుచుకుని సెల్వం దగ్గరికి నడిచింది. పన్నెండేళ్ళుగా ఆ గ్రౌండుకు వచ్చే మనిషే, బక్కగా, మెళ్ళో విజిలుతో.

"సారూ, తొమ్మిదో పిల్ల వచ్చే ఉండాది. అదో, ఆ మిద్దె మీద," అంది. "కుడిపక్క మూలకు దాని పేరు రాసుకోండి. ఆ మూల ఖాళీగానే ఉంటాది, మీ పిల్లోళ్ళు అటే కొట్టుకోనీ. దాని బ్యాటింగు వంతు వచ్చినప్పుడంతా అవుటని వేసుకోండి. ఆట మాత్రం ఆడనీయండప్పా."

సెల్వం మిద్దె వైపు చూశాడు. నివేద చెయ్యి ఊపింది. తన జట్టులో కూడా నలుగురు ఫైనలియర్ పిల్లలు ఏడాదిగా బంతి ముట్టలేదనీ, వాళ్ళకోసమే వ్యాను కట్టించుకుని వచ్చాననీ అతను దేవాతో అరవంలో చెప్పాడు. ఇది పోటీ కాదు, స్నేహానికి ఆడేది కాబట్టి ఇద్దరు కోచ్‌లూ సంతకం పెడితే తనకేం అభ్యంతరం లేదని దేవా కాగితం తీశాడు. మీ కోచ్ ఎవరని అడిగాడు. హేమప్రియ వేలు వరదమ్మ వైపు తిరిగింది, దాంతోపాటు మిగతా ఏడు వేళ్ళూ తిరిగాయి. దేవా ఒక్క క్షణం ఆలోచించి, పెన్ను సిరా ఆమె బొటనవేలికి రాసి ముద్ర వేయించుకున్నాడు. జాబితాలో తొమ్మిదో పేరు నివేద.

ఆట మొదలైంది. శానిటైజర్ రాసిన బంతి సబ్బు ముక్కలా జారి మోనిష మొదటి ఇన్నింగ్సులోనే మూడు పరుగులు ఇచ్చింది. మిద్దె మీంచి నివేద ఆగకుండా అరుస్తూనే ఉంది, భుజం దించు, మోకాలికింద వెయ్యి అని. పిచర్ ఎక్కడో, బంతి ఎక్కడో ఉన్న ఆట దేవా అంతకుముందు చూడలేదు. రెండో ఇన్నింగ్సులో మోనిష చెయ్యి కుదిరింది. మూడులో హేమప్రియ కొట్టిన బంతి మూడో బేసు గీత మీద పడింది. సున్నం పొగలా లేచింది కాబట్టి బంతి బయట పడిందని ఎవరూ వాదించడానికి లేదు. ఇద్దరు చుట్టి వచ్చారు, రెండు పరుగులు. నాలుగో ఇన్నింగ్సు ముగిసేసరికి నాలుగూ నాలుగూ సమానం. మాస్కులన్నీ గడ్డాలకిందికి జారిపోయాయి, ఎవరో గుర్తుచేస్తే మళ్ళీ పైకెక్కాయి. వరదమ్మ ఇన్నింగ్సుకోసారి చెరిగిన గీతల్ని సరిచేస్తూ, కోచ్ కదా అని పిల్లలు వేసిన కుర్చీలో కూర్చోలేక దాని పక్కన నిలబడింది.

ఐదో ఇన్నింగ్సులో వేలూరు పిల్ల సుగంతి కొట్టింది. బంతి ఖాళీ మూల మీదుగా, గోడ మీదుగా పోయింది. మిద్దె మీద నివేద నాలుగడుగులు వెనక్కి వేసి, పిట్టగోడకు ఆని, రెండు చేతులతో దాన్ని పట్టుకుంది.

గ్రౌండు మొత్తం ఒక్క గొంతుతో కేకేసింది. రెండు జట్లూ ఎగిరాయి. సుగంతి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ సగం దారిలో నిలబడిపోయింది. తర్వాత వాదన మొదలైంది. జాబితాలో పేరుంది, కుడిమూల మనిషే, నేలమీద పడకముందే పట్టింది, అవుటని వీళ్ళు. గోడ దాటింది, బేసులన్నీ చుట్టి రావచ్చు, హోమ్ రన్ అని వాళ్ళు. నవ్వుతూ మొదలైన మాటలు కాస్త గట్టిపడ్డాయి. దేవా పుస్తకం తిరగేశాడు. అందులో మిద్దెల ప్రస్తావన లేదు. చివరికి, ఈ గ్రౌండు ఎల్లలు తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారని వరదమ్మను పిలిచాడు.

హేమప్రియ ఆమె ముఖంలోకే చూస్తోంది. ఒక్క మాట అంటే చాలు, కాదనేవాళ్ళు లేరు. సెల్వం కూడా మీరేం చెబితే అదే అన్నాడు. వరదమ్మ గోడను చూసింది. ఎండలో నిలబడ్డ ఎనిమిది మందిని చూసింది. మళ్ళీ గోడ వైపు చెయ్యి చూపి చెప్పింది.

"గోడకు అవతల నేను యాడా గీత గీయలేదు సారూ. అది హోమ్ రన్నే." ఆ వెంటనే మిద్దె వైపు తలెత్తింది. "పాపా, పట్టడం మాత్రం బలే పట్టినావు."

"నువ్వు మా పక్కా, వాళ్ళ పక్కా వరదక్కా?" అని నివేద పైనుంచి అడిగింది.

"నేను గ్రౌండు పక్కమ్మా."

ముందుగా నవ్వింది హేమప్రియే. తర్వాత అందరూ నవ్వారు. క్వారంటైను ఇంట్లో పడిన బంతిని తిరిగి తీసుకోకూడదని సెల్వం అంటే, ఇంకో బంతి తెప్పించారు. సుగంతి మిగిలిన సగం దారీ పరిగెత్తి, హోమ్ ప్లేటు మీద కాలు పెట్టి, మిద్దెకు వంగి దండం పెట్టింది.

ఒక్క పరుగు వెనకబడి గుడియాత్తం పిల్లలు చివరిసారి బ్యాటింగుకు దిగారు. ఇద్దరు అవుటయ్యారు. మోనిష కొట్టి, పడి, లేచి, మూడో బేసు దాకా చేరుకుంది. ఆ తర్వాత వంతు ఎవరిదో గుర్తొచ్చి అందరూ ఒకేసారి తలలెత్తారు. నివేద ఇంట్లోంచి చీపురు తెచ్చుకుని, బ్యాటులా భుజం మీద ఎత్తిపట్టి నిలబడి ఉంది.

సెల్వానికి మనసొప్పలేదు. ఆ పిల్ల బదులు ఎవరినైనా కొట్టమనండి, మేమేం అనుకోమని చెప్పాడు. హేమప్రియ తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. మాటిచ్చినాము కదా," అంది. "పోనీలే, ఇంతసేపు ఆడనిచ్చినారు."

దేవా పిడికిలి ఎత్తి మిద్దె మీది మనిషికి అవుటిచ్చాడు. నివేద చీపురు నేలకేసి కొట్టి, కోపం నటించి, అక్కడే చతికిలబడి పగలబడి నవ్వింది. వేలూరు ఐదు, గుడియాత్తం నాలుగు. ఓడిన జట్టు గెలిచిన జట్టుకంటే ఎక్కువ గంతులు వేయడం చూసి పెరియస్వామి గేటు వదిలి వచ్చాడు.

వరదమ్మ మేకులు పీకడానికి వంగింది. మోనిష పరిగెత్తుకుంటూ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండక్కా. ఇన్నేండ్లు గీతలు గీసినావే, ఒక్కనాడైనా దాని మీద పరిగెత్తినావా?"

వరదమ్మ ఒప్పుకోలేదు. అరవై ఏళ్ళ మనిషిని నవ్వులపాలు చేయొద్దంది. మోకాళ్ళు నొప్పంది. ఈలోపల సెల్వం పిచర్ చోట నిలబడి బంతి పట్టుకున్నాడు. సుగంతి తన బ్యాటు తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. రెండు జట్ల పిల్లలూ రెండు గీతల వెంబడీ బారులు తీరారు. ఆమె బ్యాటును తిప్పి చూసింది. ఇరవై నాలుగేళ్ళుగా బ్యాట్లను తుడిచి గదిలో సర్దింది, కానీ భుజానికి ఎత్తింది లేదు. నీలం వార్ల చెప్పులు గీత అవతల విడిచి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది.

మొదటి బంతి తగల్లేదు. రెండోది తగల్లేదు. మూడోది తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, సెల్వం కాళ్ళ పక్కనుంచి మెల్లగా దొర్లింది. అతను వంగి అందుకోబోయి, అందనట్టు జారవిడిచాడు. వరదమ్మ పరిగెత్తింది. పరిగెడుతుంటే దూరాలు ఆమెకు వేరేగా తెలిశాయి. తాడు పట్టుకుని నడిచిన అరవై అడుగులు ఇంత పొడవున్నాయా అనుకుంది. రెండో బేసు దగ్గర ఆయాసం వచ్చింది, ఆగితే మళ్ళీ కదలనేమోనని ఆగలేదు. మూడో బేసు దాటాక పిల్లలందరూ ఆమె వెనకాల పరిగెడుతున్నారు, వేలూరు వాళ్ళెవరో, తనవాళ్ళెవరో తెలియలేదు. మిద్దె మీద నివేద గొంతు బొంగురుపోయింది. హోమ్ ప్లేటు మీద రెండు కాళ్ళూ పెట్టి వరదమ్మ నిలబడ్డప్పుడు దేవా రెండు చేతులూ చాచి, పుస్తకం ప్రకారం, అవుటు కాదు, సేఫ్ అని చూపించాడు. ఆమె ఇంకా రొప్పుతోంది. నోరంతా తెరుచుకుని నవ్వుతూనే ఉంది. ముందుపళ్ళు రెండు లేవని పిల్లలకు ఆ రోజే తెలిసింది.

వేలూరు వ్యాను పోయాక పిల్లలు సైకిళ్ళు నడిపించుకుంటూ ఆమెను నెల్లూరుపేట దాకా దిగబెట్టారు. దారంతా ఆ ఐదు ఇన్నింగ్సే మళ్ళీ ఆడారు. మగ్గం గుంటలో కూర్చున్న సుబ్బరాయులు ఇంటి ముందు గోలకు తలెత్తి, గెలిచినారా అని అడిగాడు.

"లేదు. నేను మాత్రం చుట్టి వచ్చినాను," అంది వరదమ్మ.

రెండు రోజులకే కాలేజీలు మళ్ళీ మూసేయమని ఉత్తర్వు వచ్చింది. నివేద అవ్వ కోలుకుని లేచి తిరిగింది. నెలాఖరున వరదమ్మ పని ఎవరూ లేని కాలేజీలో ముగిసిపోయింది. స్టోరు గది తాళంచెవి సుబ్బరాయులు తెచ్చి పెరియస్వామి చేతికిచ్చాడు. మే నెలలో లాక్‌డౌనుకు మగ్గాలు ఆగాక మొగుడూ పెళ్ళాం పరదరామి పక్కన ఆమె అన్న చెంగల్రాయలు ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ అరెకరం వేరుశనగ వేశారనీ, వరదమ్మ సాళ్ళన్నీ తాడు కట్టి తీసిందనీ హేమప్రియకు ఫోన్‌లో తెలిసింది.

సెప్టెంబరులో కాలేజీ తెరిచేముందు పెరియస్వామి కొడవలితో గ్రౌండులోకి దిగాడు. వానలకు సున్నం పూర్తిగా పోయింది, కలుపు మోకాలెత్తున ఉంది. హోమ్ ప్లేటు పక్కన గడ్డి కోస్తుంటే కొడవలి మొన దేనికో తగిలింది. నీలం వార్ల రబ్బరు చెప్పుల జత, రెండూ పక్కపక్కనే, ముందు వైపు మొదటి బేసుకు తిరిగి ఉన్నాయి. కుడిదాని తెగిన వారుకు పెట్టిన పిన్నీసు తుప్పు పట్టింది.