కోల్బీ గ్లవ్ సంగతి

నాకు వాదనలో ఓడిపోవడం చేతకాదు. ముప్ఫయ్యొక్కేళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని. వెనక అరవై మంది పిల్లలు అరుస్తుంటే వాళ్లను మించి అరవడమే అలవాటైపోయింది. ఆ నోరే ఆదివారం మధ్యాహ్నం కోల్బీ కొంప ముంచింది.

కోల్బీ మా ఊరి జట్టు మ్యూల్స్‌లో రిలీఫ్ పిచర్. ఆట మొదలుపెట్టిన పిచర్ అలిసిపోయాక చివర్లో దిగి, ఉన్న ఆధిక్యాన్ని కాపాడాల్సినవాడు. చిన్న లీగు ఆటగాళ్లకి అద్దె ఇళ్లు తీసుకునే స్తోమత ఉండదు. అందుకని మాలాంటి అభిమానులమే తలా ఒకరిని ఇంట్లో పెట్టుకుంటాం. ఏప్రిల్ నుంచి అతను మా మేడమీది గదిలో ఉన్నాడు. ఇరవయ్యారేళ్లు, జార్జియా వాడు, ఎంత మర్యాదంటే తిన్న పళ్లెంతో పాటు నాదీ కడిగేస్తాడు. మైదానంలో తిట్లు తిని వచ్చేవాడికి ఇంట్లోనైనా మనశ్శాంతి ఉండాలని, భోజనాల బల్ల దగ్గర బేస్‌బాల్ మాట ఎత్తకూడదని మొదటిరోజే నేనొక రూలు పెట్టాను.

ఆ వారంలో జట్టు నుంచి ఒకరిని తీసేస్తారని ఊరంతా అనుకుంటోంది.

"ఆ ఒక్కడూ మీ కోల్బీయే, రాసిపెట్టుకో బెర్నీ," అన్నాడు ఆ ఆదివారం ఆటలో నా పక్క సీట్లో కూర్చున్న స్టాన్. పోస్ట్‌మన్‌గా రిటైరయ్యాడు. ప్రతి బంతినీ పుస్తకంలో గీసుకుంటాడు. "తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఆరున్నర పరుగులిస్తున్నాడు. ఆరున్నర! మా అత్తగారు వేసినా అంతకన్నా తక్కువే ఇస్తుంది."

"మీ అత్తగారు పోయి పదేళ్లయింది కదయ్యా," అంది నాకు రెండోపక్క కూర్చున్న రోజలీ.

"అదే చెప్తున్నా మరి."

రోజలీ పకపకా నవ్వింది. ఆమె కోపం కోల్బీ మీద కాదు, మేనేజర్ మీద. "అసలు తప్పంతా ఆ మహానుభావుడిది. ఉన్నవాళ్లలో మంచి పిచర్‌ని ఆఖరిదని తొమ్మిదో ఇన్నింగ్స్‌కి దాచిపెడతాడు. ఎనిమిదిలోనే ఇల్లు తగలబడిపోతే ఇక తొమ్మిదిలో ఆర్పేదేముంది?"

మా ముగ్గురి సీట్లు పదిహేనేళ్లుగా అవే, మూడో బేస్ పక్కన. కంచెకి అవతలే బుల్‌పెన్, అంటే దిగబోయే పిచర్లు చెయ్యి వేడెక్కించుకునే చోటు. మా పక్క ఖాళీ సీట్లో ఆ రోజు గోధుమరంగు కోటు వేసుకున్న ఒకాయన కూర్చున్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. వేరుశనగ పొట్లం మా అందరికీ చాచాడు. ఊరికి కొత్తేమో అనుకున్నాం.

"అంత జోరుగా వేస్తున్నాడే, మరి ఎందుకలా కొట్టేస్తున్నారండీ అతన్ని?" అని అడిగాడాయన. బుల్‌పెన్‌లో కోల్బీ అప్పటికే బంతులు వేస్తున్నాడు.

"చేతకాక," అన్నాడు స్టాన్.

నాకు ఒళ్లు మండింది. "నీ మొహం! చేతకాక కాదు. పుస్తకంలో తలదూర్చి గీతలు గీయడం కాదు స్టాన్, కళ్లతో చూడు. వంకర బంతి వేసేముందు, బంతిని దాచిపట్టుకున్న వాడి గ్లవ్ విచ్చుకుంటోంది. లోపల వేళ్లు మార్చుకుంటాడు కదా, అందుకు. వేగం బంతికైతే మూసుకునే ఉంటుంది. అది కనిపెట్టినవాడెవడైనా కొడతాడు. పదకొండు రోజుల్నుంచి చూస్తున్నా."

"కోతలు," అన్నాడు స్టాన్.

"అయితే చూడు."

కోల్బీకి వినపడకూడదని గొంతులు తగ్గించుకున్నాం. అతను ఒక్కో బంతికి చెయ్యెత్తినప్పుడల్లా నేను ముందే చెప్పాను. వంకర. వేగం. వేగం. వంకర. ఇలా ఆరు చెబితే ఆరూ నిజమయ్యాయి. స్టాన్ నోరెళ్లబెట్టాడు. ఏడోది, ఎనిమిదోది రోజలీ చెప్పింది. తొమ్మిదోది కోటాయన చెప్పాడు, అదీ సరిపోయింది. నలుగురం చిన్నపిల్లల్లా చేతులు చరుచుకున్నాం. స్టాన్‌ని గెలిచానన్న గర్వంలో నాకు ఇంకేమీ తోచలేదు. కోటాయన మంచినీళ్లకని లేచి వెళ్లాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మేం ఐదు, వాళ్లు మూడు. బేస్‌ల మీద వాళ్లవాళ్లు ఇద్దరు పరుగుకి సిద్ధంగా ఉన్నారు. మేనేజర్ కోల్బీని దింపాడు.

మొదటి బ్యాటర్ పద్నాలుగో నంబరు వాడు, ఎద్దులా ఉన్నాడు. రెండు వంకర బంతులు వచ్చాయి. ఏ బ్యాటరైనా కనీసం భుజం కదిలిస్తాడు. వీడు రెప్ప కూడా కదపలేదు. మూడోది వేగం బంతి. దాన్ని గోడదాకా కొట్టాడు. ఇద్దరూ పరిగెత్తి వచ్చేశారు, ఐదు ఐదు సమం. తర్వాతివాడు కూడా అచ్చం అలాగే వంకర బంతుల్ని వదిలేసి, వేగం బంతిని గోడ అవతలికి పంపాడు. ఇంకో రెండు పరుగులు, వాళ్లు ఏడు, మేం ఐదు.



"బెర్నీ," అంది రోజలీ. "అటు చూడు."

అవతలి జట్టు కూర్చునే చోటు దగ్గర, కంచెని ఆనుకుని ఆ గోధుమరంగు కోటాయన నిలబడి ఉన్నాడు. పరుగు పూర్తిచేసి వచ్చిన పద్నాలుగో నంబరు వాడు తిన్నగా అక్కడికే వెళ్లాడు. ఆయన వాడి హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాడు. ఇద్దరిదీ ఒకటే దవడ, ఒకటే ముక్కు. తండ్రీకొడుకులు.

స్టాన్ చేతిలోంచి పెన్సిల్ జారిపోయింది. "మనమే చెప్పాం," అన్నాడు. "వాడికి మనమే చెప్పాం బెర్నీ."

మనం కాదు, నేను చెప్పాను. కూర్చోబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పాను.

దిగిన పిచర్ ముగ్గురు బ్యాటర్లకి వేయందే బయటికి రాకూడదని రూలు. మేనేజర్‌కి కూడా అతన్ని పిలిచే దారి లేదు. నేను కంచె పట్టుకుని అరిచాను. "కోల్బీ! గ్లవ్! గ్లవ్ మూసుకో!" నేను ఎగతాళి చేస్తున్నాననుకుని వెనక వరుసలవాళ్లు నవ్వి, వాళ్లూ అందుకున్నారు. గ్లవ్, గ్లవ్ అని సగం మైదానం గోల. అతను ఒక్కసారి నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. మూడోవాడు కూడా కొట్టాడు.

సాయంత్రం ఐదింటికి కోల్బీ ఇంటికొచ్చాడు. ఎండ ఇంకా తగ్గలేదు. భుజాన సంచీ ఉంది.

"తీసేశారండీ బెర్నీ గారూ," అన్నాడు. "బట్టలు సర్దుకుని వెళ్తాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను, ఇక ఆడనని. చెయ్యి అయిపోయింది. ఎంత బాగా వేసినా కొడుతున్నారు."

నేను వంటింట్లో నిలబడే అంతా చెప్పాను. గ్లవ్, స్టాన్, వేరుశనగలు, ఆ తండ్రి, ఏదీ దాచలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎప్పుడు గమనించారు?"

"పదకొండు రోజులైంది."

వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "ఐదుసార్లు దిగాను." "నాకెందుకు చెప్పలేదండీ?"

నా రూలు గురించి చెప్పబోయి మానుకున్నాను. కోచ్‌లు చూడకపోతారా, బస్సు నడిపిన ముసలిది చెప్తే ఎవరు వింటారని ఊరుకున్నానని చెప్పాను. అదీ నిజమే.

"పెరట్లోకి వస్తారా? చూపించండి," అన్నాడు.

నేను దండెం దగ్గర నిలబడ్డాను. అతను గ్లవ్ తొడుక్కుని, బంతి అందులో పట్టుకుని చెయ్యెత్తాడు. విచ్చుకుంది. ఇంకోసారి. విచ్చుకుంది. వేళ్లు ముందే సరిచేసుకుని, చెయ్యి కాస్త కిందికి పెట్టి చూశాడు. ఈసారి కొంచెమే విచ్చుకుంది. ఏడోసారికి గ్లవ్ కదల్లేదు. ఎనిమిదోసారీ కదల్లేదు. వంకర బంతో వేగం బంతో నాకు కూడా తెలియలేదు.

పది నిమిషాలు పట్టలేదు.

"అంతేనా అండీ?" అన్నాడు కోల్బీ.

"అంతే నాయనా," అన్నాను.