దూది మంచు పక్కన దీపాలు

నిద్రపోతున్న మనిషి పక్కన నిప్పు అంటుకోవడం. నాకు అన్నిటికంటే పెద్ద భయం అదే. పాప పుట్టాక మరీ ఎక్కువైంది. గ్యాస్ ఆపానో లేదోనని లేచి లేచి చూస్తాను.

ఖతార్లో, మదీనత్ ఖలీఫాలో మేముండే విల్లాను రెండు పోర్షన్లుగా విడదీశారు. పక్క పోర్షన్‌లో కెజియమ్మగారు. గుంటూరు వైపు యూదుల కుటుంబం. కూతురు నర్సు. అల్లుడు క్రైస్తవుడు, సముద్రంలో చమురు తీసే రిగ్గు మీద ఉద్యోగం. ఈ ఏడు వాళ్ళ రెండు పండుగలూ కలిసొచ్చాయి. అల్లుడు డ్యూటీకి వెళ్ళేముందు క్రిస్మస్ చెట్టు నిలబెట్టి, మంచులా కనబడాలని కొమ్మకొమ్మకూ దూది అంటించాడు. ఆ పక్కనే, అదే బల్ల మీద ఆమె హనుక్కా పండుగ దీపాలు. రోజుకొక కొవ్వొత్తి పెంచుతూ ఎనిమిది సాయంత్రాలు వెలిగిస్తారు.

"అమ్మా, దూది పక్కన నిప్పేంది? జర కిందికి దించుండ్రి," అన్నాను మొదటి రోజే.

"ఈ మోకాళ్ళతో కిందకి వంగమంటావా? ఖతార్లో మంచు కురిపించాడే మా అల్లుడు, నా దీపాలకి కరగదులే!"

"అయితే పండుకునే ముందు ఊదేయుండ్రి."

"ఊదకూడదమ్మాయ్, వాటంతటవే కొండెక్కాలి. మీ ఇంట్లో ఊదుతారా ఏంటి?"

ఊదం. కానీ బీపీ మాత్ర వేసుకోగానే ఆమె కుర్చీలోనే కునికిపోతారు. అందుకే రోజూ పాపను ఒళ్ళో వేసుకుని, చివరి కొవ్వొత్తి కొండెక్కేదాకా నేనే కాపలా కూర్చున్నాను.

ఈరోజు క్రిస్మస్. ఆమె దీపాలన్నీ వెలిగే ఆఖరి సాయంత్రం కూడా.

పొద్దుగూకుతుండగా ఫోన్ చేశారు. "శోభా, వస్తున్నావా? వెలిగించనా?"

పాప ఒళ్ళు కాలిపోతోంది. ఇవాళ వద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. సందెవేళ దీపం పెట్టొద్దని ఏ నోటితో అనను?

"ముట్టియ్యుండ్రి అమ్మా, ఇగో వస్తున్న."

ఫోన్ పెట్టానో లేదో పాపకు ఫిట్స్ వచ్చాయి. మా ఆయన సాయిబాబు మమ్మల్ని కారులో ఆసుపత్రికి చేర్చాడు. పాప కళ్ళు తెరిచింది గానీ నా చెయ్యి వదలడం లేదు. కెజియమ్మగారి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. కూతురు డ్యూటీలో ఫోన్ తీయదు. సాయిబాబు వెనక్కి బయలుదేరి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు.

నా చదువు మధ్యలోనే ఆగింది, అడ్రసు సరిగ్గా రాయలేను. గుర్తులు చెబుతాను. పెద్ద మసీదు వెనక వీధి, గేటుకు ఎర్ర కాగితం స్టారు వేలాడే విల్లా, కుడివైపు తలుపు. ఇది చదివేవాళ్ళు ఎవరైనా దగ్గర్లో ఉంటే వెళ్ళి తలుపు గట్టిగా కొట్టండి. ఆమెకు కొంచెం చెవుడు. తిట్టినా సరే, ఒక్కసారి ఆమెను లేపి చూడండి.