మారథాన్ నుంచి తిరిగొచ్చినవాళ్లు

మల్లికార్జున్ అమెరికాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. యాభై ఆరో ఏట హాఫ్ మారథాన్ పరుగెడుతూ పదకొండో మైలు దగ్గర కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది. వెనకే వస్తున్న నమ్రత అనే నర్స్ వెంటనే మోకాళ్ల మీద కూర్చుని, అంబులెన్స్ వచ్చేదాకా అతని ఛాతీ మీద నొక్కుతూనే ఉంది. అలా బతికాడు.

ఆరు నెలలకి డాక్టర్ ఇక మెల్లగా నడవొచ్చన్నాడు. భార్య ఉజ్వల మాత్రం ఒప్పుకోలేదు. నమ్రతకి ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పడానిక్కూడా ఆమెకి ధైర్యం చాల్లేదు, ఆ రోజు మళ్లీ కళ్లముందుకొస్తుందని. పైగా చిన్నప్పుడు స్కూల్లో విన్న కథొకటి మనసులో పాతుకుపోయింది. గ్రీకులు మారథాన్ అనే చోట పర్షియన్లని ఓడిస్తే, ఆ కబురు మోసుకుంటూ ఒకడు ఏథెన్స్‌దాకా పరుగెత్తి, గెలిచామని చెప్పి అక్కడికక్కడే ప్రాణం వదిలాడట.

"ఆ పేరులోనే చావుంది," అనేది.

కూతురు అనిక కాలేజీలో ప్రాచీన చరిత్ర చదువుతోంది. సెలవులకి వచ్చి ఈ మాట విని తల్లి పక్కన కూర్చుంది. యుద్ధం తర్వాత రెండు తరాలకి రాసిన చరిత్రలో ఆ చావు ఊసే లేదని చెప్పింది. అందులో ఉన్న వార్తాహరుడు యుద్ధానికి ముందు, సాయం అడగడానికి స్పార్టాకి నూట యాభై మైళ్లు పరుగెత్తాడు. క్షేమంగా తిరిగొచ్చాడు కూడా. చనిపోయినవాడి కథ ఐదారు వందల ఏళ్ల తర్వాతి రాతల్లోనే కనిపిస్తుంది.

"మరి గెలిచాక ఏథెన్స్‌కి ఎవరూ రాలేదా?" అని అడిగింది ఉజ్వల.

"అందరూ వచ్చారమ్మా. పర్షియన్ల ఓడలు సిటీ వైపు తిరిగాయి. అందుకని సైన్యం మొత్తం అంత అలసటలోనూ బయల్దేరి, ఓడలకంటే ముందే చేరింది. రాసి ఉన్నది అది."

ఉజ్వల లేచి వెళ్లి నమ్రతకి ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున నలుగురూ లేక్ ఎలిజబెత్ దగ్గర కలిశారు. ఉజ్వల చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయి, నమ్రత చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేసింది. నమ్రతకీ కళ్లు చెమర్చాయి. తను ఛాతీ నొక్కి బతికించిన మనిషి మళ్లీ నడవడం చూడటం తనకిదే మొదటిసారంది.

అర మైలుకే మల్లికార్జున్‌కి ఆయాసం వచ్చింది. బెంచీ మీద కూర్చోబెట్టి, అతని ఊపిరి కుదుటపడేదాకా ముగ్గురూ పక్కనే ఉన్నారు.

"ఇంకొంచెం నడుద్దామా?" అని ఉజ్వలే అడిగింది.